‘మా పిల్లలకు గడ్డి తినిపిస్తారా మేడమ్?’

ఈ ఉత్తరం సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ వైపు నుంచి ఒక టీచర్ రాశారు. ఊరి పేరు, బడి పేరు బయటికి రావద్దన్నారు కాబట్టి గుర్తుపట్టే వివరాలు తీసేసి, పెద్ద ఉత్తరాన్ని కుదించి ఇక్కడ పెడుతున్నాను.

ఆమె సర్కారు ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతులకు చెబుతారు. నేల గురించి, నీళ్ల గురించి, వృథా చేయకూడదని ఏళ్లుగా పాఠాలు చెబుతున్నా పిల్లలు బట్టీ పట్టి పరీక్షలో రాస్తున్నారే తప్ప వాళ్ల బతుకులోకి ఏమీ దిగడం లేదని ఆమె బాధ. అందుకని ఈ జూన్‌లో బడి తెరిచాక వంటగది వెనుక ఖాళీ జాగాలో పిల్లలతో తోట వేయించారు. బజారులో దొరికే కూరగాయలు కాదు, ఆ ప్రాంతపు చేలల్లో వాటంతట అవే మొలిచే కూరాకులు: గునుగు, చెంచలి, గంగవాయిలి, పొనగంటి, తెల్లగలిజేరు, తుమ్మి. గట్టు మీద ఒక మునగ చెట్టు, ఒక అవిసె చెట్టు. వానలు పడగానే అన్నీ ఏపుగా వచ్చాయి. పిల్లలు బడి గంట కొట్టక ముందే వచ్చి చూసుకునేవారట.

తర్వాత ఒకదాని మీద ఒకటి మొదలయ్యాయి. కొందరు తల్లిదండ్రులు వచ్చి “చదువుకోమని పంపితే కలుపు తీయిస్తారా, ఆ పనే అయితే మా వెంట చేనుకే తోలుకుపోతాం కదా” అన్నారు. ఒక తండ్రి అందరి ముందూ “మా పిల్లలకు గడ్డి తినిపిస్తారా మేడమ్” అని అడిగారు. ఆగస్టులో ఒక బాబు పచ్చి కామంచి కాయలు తిని వాంతులు చేసుకున్నాడు. ఆ మొక్క తోటలో వేసింది కాదు, ప్రహరీ పక్కన దానంతట అది మొలిచింది. సాయంత్రానికి బాబు కోలుకున్నాడు కానీ, ఊళ్లో మాత్రం “మేడమ్ తోటలో ఆకు తిని పడిపోయాడు” అన్న మాటే నిలబడిపోయింది. హెచ్‌ఎం సార్ పిలిచి, ఇవన్నీ పీకేసి క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాట వేయండి, ఎవరైనా చూడటానికి వస్తే బాగుంటుంది అన్నారు.

ఇంట్లో పరిస్థితి ఇంకా కష్టం. అత్తగారికి ఆ ఆకులన్నీ తెలుసు. బడికొచ్చి పిల్లలకు చూపించమని అడిగితే ఒక్కసారిగా కోపానికొచ్చారు. “72 కరువుల పప్పు లేక, జొన్నలు లేక ఆ ఆకు ఉడకేసుకొని తిన్నం. అది నా మనుమరాలికి పెడ్తవా? ఊరి పిల్లలకు నేను పోయి చూపెట్టాల్నా?” అన్నారట. అప్పటి నుంచి కోడలితో ముభావంగా ఉంటున్నారు. ఆరో తరగతి చదువుతున్న కూతురు స్నేహితురాలి ముందు “మా అమ్మ స్కూల్లో గడ్డి పెంచుతుంది” అంది. భర్త “జీతం వస్తోంది కదా, ఈ టెన్షన్ అంతా ఎందుకు” అంటున్నారు. దసరా సెలవులు అయ్యాక సార్‌కు ఏదో ఒకటి చెప్పాలి. తోట పీకేయాలా, పీకేస్తే ఓడిపోయినట్టేనా, అత్తమ్మను ఎలా కలుపుకోవాలి? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, ముందు ఒక మాట. మీ ఉత్తరంలో అందరూ మీకు ఎదురు నిలబడ్డట్టు కనిపిస్తున్నారు కానీ, వాళ్లు ఎదురు నిలబడింది ఒకే కారణంతో కాదు. తల్లిదండ్రుల అభ్యంతరం పని గురించి. సార్‌ది భయం. మీ అత్తగారిది ఎప్పటి నుంచో లోపల ఉన్న నొప్పి. మీ అమ్మాయిది ఆ వయసు. ఈ నలుగురికీ మీరు ఇచ్చిన జవాబు మాత్రం ఒకటే, “వీటిలో ఐరన్ ఉంది, కాల్షియం ఉంది” అని. ఉంది, నిజమే. కానీ వాళ్లలో ఎవరూ ఐరన్ గురించి అడగలేదు.

తల్లిదండ్రుల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ వాళ్ల మాటలో న్యాయం ఉంది. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “నీళ్లు పోసే పని నలుగురు ఆడపిల్లలకు అప్పగించాను, వాళ్లు చెప్పిన మాట వింటారు” అని రాశారు. మీకు చెడు ఉద్దేశం లేదని తెలుసు. కానీ బయటి నుంచి చూసేవాళ్లకు ఏం కనిపిస్తుంది? ఇంట్లో బిందె మోసే పిల్లే బడిలోనూ బిందె మోస్తోంది. మాట వినని మగపిల్లలు కబడ్డీ ఆడుకుంటున్నారు. ఆ నలుగురిలో ఎక్కువమంది కూలికి పోయే ఇళ్ల పిల్లలే అయితే, మరీ ముఖ్యంగా ఊళ్లో ఇప్పటికీ ఎవరు ఏ పని చేయాలో కులాన్ని బట్టి లెక్కలు ఉన్నచోట, ఆ తల్లి గుండెల్లో ఏం మెదులుతుందో ఆలోచించండి. తన చేతికి అంటిన మట్టి బిడ్డ చేతికి అంటకూడదనే ఆమె బడికి పంపుతోంది. ఆమెకు మీరు నేల గొప్పతనం గురించి చెప్పబోతే అది వినపడదు, వినపడనక్కర్లేదు కూడా.

దీనికి ఉపన్యాసం అక్కర్లేదు, వంతులు పెడితే చాలు. రెండు తరగతుల్లో ఉన్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ వంతు రావాలి, సర్పంచ్ గారి మనవడితో సహా. మీ పేరు కూడా ఆ చార్టులో ఉండాలి, మీ వంతు రోజున మీరు బకెట్ మోయడం పిల్లలు చూడాలి. పాఠం జరిగే సమయంలో తోట పని వద్దు. కలుపు తీయించడం అసలే వద్దు. ఎలాగూ మీ తోటలో సగం మొక్కలు వేరేవాళ్ల దృష్టిలో కలుపే. ఏది ఉంచాలి, ఏది తీయాలి అని ముందు చర్చ జరగాలి, ఆ చర్చే అక్కడి పాఠం.

ఇక ఆ బాబు వాంతుల సంగతి. ఇక్కడ మాత్రం కొంచెం గట్టిగా చెబుతాను. ఆ మొక్క నా తోటలోది కాదు అన్న వాదన నిజమే అయినా పనికిరాదు. చేలో మొలిచేవి తినొచ్చని పిల్లలకు మీరు చెప్పారు, బాబు ఇంకో అడుగు ముందుకు వేశాడు. కామంచి పండి నల్లబడ్డాక పిల్లలు తింటారు, ఆకు వండుకుంటారు, పచ్చి కాయలో మాత్రం విషం ఉంటుంది. ఒకే మొక్కలో ఒకటి తినేది, ఒకటి తినకూడనిది. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఈ తేడా మాటల్లో చెబితే సరిపోదు.

కాబట్టి తోట ఉంచినా ఉంచకపోయినా ముందు కొన్ని నియమాలు పెట్టండి. మొక్క నుంచి నేరుగా నోట్లోకి ఏదీ పోకూడదు, ఏదైనా వండిన తర్వాతే, అదీ పెద్దవాళ్లు పెడితేనే. ఇంట్లో కూర వండుకునే పెద్దవాళ్లు ఇద్దరు చూసి “అవును, ఇది ఫలానా” అంటే తప్ప ఏ మొక్కకూ పేరు బోర్డు పెట్టకండి. ఫోన్‌లో ఫొటో తీసి చూసుకుంటే చాలదు, ఆకులన్నీ ఫొటోలో ఒకేలా ఉంటాయి. విషపు మొక్కలను కూడా తినే మొక్కలంత శ్రద్ధగా నేర్పండి. ఉమ్మెత్త, గన్నేరు, గురివింద గింజ, ఆముదం గింజ ఇవన్నీ మన ఊళ్లలో బడి చుట్టూనే ఉంటాయి. వీటన్నిటికన్నా నాకు ఎక్కువ భయం అడవి ఆముదం, అంటే కంచెకు వేసే జట్రోఫా. దాని గింజలు కొంచెం తియ్యగా, వేరుశనగ పలుకుల్లా అనిపిస్తాయి, పిల్లలు గుంపుగా కూర్చుని తిని అందరూ ఒకేసారి ఆస్పత్రి పాలైన సంఘటనలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. మీ ప్రహరీ పొడవునా ఏముందో ఒకసారి నడిచి చూడండి. అలాగే పక్కన పత్తి చేను ఉంటే వాళ్లు మందు కొట్టిన రోజుల్లో మీ తోటలో ఆకు కోయకూడదు. పొనగంటి తడి ఎక్కడుంటే అక్కడ పెరుగుతుంది, మురికి కాలువ పక్కన పెరిగింది ఎంత పచ్చగా ఉన్నా ముట్టుకోకూడదని పిల్లలకు చెప్పండి.

ఇప్పుడు మీ అత్తగారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం ఇదే, మీరు మాత్రం దీన్ని మధ్యలో మూడు లైన్లలో దాటేశారు.

1972 కరువు నాటికి ఆమె చిన్నపిల్ల అయి ఉంటారు. కరువులో తినే ఆకు వేరు, పంటలున్న ఏడాది పప్పులో వేసుకునే ఆకు వేరు. ఆకు అదే కావచ్చు. ఉత్త ఆకు, ఉప్పు కూడా చాలీచాలకుండా, పూటపూటా అదే, పక్కింటివాళ్లు చూడకుండా గట్టు మీద వంగి ఏరుకోవడం, ఇదంతా ఆ రుచిలో కలిసిపోయి ఉంటుంది. మీరు వచ్చి “అత్తమ్మా, ఇవి ఎంత మంచివో తెలుసా, పిల్లలకు చూపిద్దురుగానీ రండి” అన్నప్పుడు మీకు అది గౌరవం ఇచ్చినట్టు, ఆమెకు మాత్రం తన బీదతనాన్ని ఊరందరి ముందు విప్పమన్నట్టు. ఇందులో మీ ఇద్దరి తప్పూ లేదు.

కానీ మీరే ఇంకో చోట రాశారు, వినాయక చవితికి తుమ్మికూర ఆమే తెచ్చి వండుతారని, ఏ ఏడాదీ మానరని. బతుకమ్మకు గునుగు పూలు తెచ్చి రంగులద్దేది కూడా ఆమేనని. మరి అవి కూడా చేలల్లో మొలిచేవే కదా? అంటే ఆమెకు ఆ మొక్కల మీద అసహ్యం లేదు. పండగతో వచ్చిన ఆకును ఆమె నెత్తిన పెట్టుకుంటారు, ఆకలితో వచ్చిన ఆకును గుమ్మం దాటనివ్వరు. మీరు ఏది అడుగుతున్నారో, ఏ తలుపు తడుతున్నారో ఇక్కడ చూసుకోవాలి.

ఇక్కడ మీరు చేయగలిగినవి రెండు మూడున్నాయి. ఒకటి, ఈ విషయం పూర్తిగా వదిలేసి ఆమెను మామూలుగా ఉండనివ్వడం. ఆ ఆకులన్నీ తెలిసినంత మాత్రాన బడికి రావాల్సిన బాధ్యత ఆమెకు లేదు. ఇలా చేస్తే ఇంట్లో శాంతి త్వరగా వస్తుంది, కానీ ఆమెకు తెలిసింది మీ అమ్మాయికి చేరకపోవచ్చు. రెండోది, బడి సంగతి ఎత్తకుండా ఆ కరువు గురించి అడగడం. పాఠం కోసం కాదు, మీ కోసం. ఏ నెలలో వానలు ఆగిపోయాయి, ఎవరు పనికి పోయారు, ఇంట్లో ఎంతమంది, ఏ ఆకు ఎప్పుడు దొరికేది. ఆమె చెప్పకపోవచ్చు, చెబుతూ ఏడవచ్చు, మధ్యలో లేచి పోవచ్చు. వినడానికి సమయం ఉన్న రోజునే అడగండి, గిన్నెలు తోముతూ కాదు. ఆ మాటలు రాసుకోకండి, ఫోన్ తీసి రికార్డు చేయకండి. మూడోది, గునుగు పూల దగ్గర కలవడం, అది ఆమెకు నచ్చిన చోటు. ఇప్పుడు సమయం కూడా అదే. బతుకమ్మ అయిపోయాక చేలల్లో మిగిలిన గునుగు కంకులు ఎండి ఉంటాయి, ఎండిన కంకిని అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి మెల్లగా ఊదితే పొట్టు ఎగిరిపోయి ఆవగింజ కన్నా సన్నగా నల్లగా మెరిసే గింజలు మిగులుతాయి. “అత్తమ్మా, వచ్చే బతుకమ్మకు మన గట్టు మీదే గునుగు వేసుకుందాం, విత్తనం ఎట్లా తీయాలో పిల్లకు చూపెట్టు” అని అడగండి. ఇందులో కరువు ప్రస్తావన లేదు, బడి లేదు. మనవరాలితో కూర్చునే పని. ఆమె ఒప్పుకుంటే మంచిదే, కాదంటే అక్కడితో ఆపేయండి, మళ్లీ మళ్లీ అడగకండి.

అసలు తోట విషయానికి వస్తున్నాను. పీకేయాలా, ఉంచాలా?

పూర్తిగా ఆపేయడం ఒక దారి. అది ఓటమి అని నేను అనను. మీరు ఒక్కరే ఉన్నారు, రెండు తరగతులు, ఇల్లు, ఊళ్లో మాటలు. ఆపేస్తే సార్ ఊపిరి పీల్చుకుంటారు, ఊళ్లో నెలలో మర్చిపోతారు. కానీ దాంతో పాటు ఇంకోటి జరుగుతుంది, అది కూడా తెలిసి ఎంచుకోండి. తమ అమ్మ చేలోంచి ఒడిలో కట్టుకొచ్చే ఆకు బడిలో పెట్టగానే గొడవై, దాన్ని పీకేశారన్నది ఆ పిల్లలు చూస్తారు. వాళ్లకు అదీ ఒక పాఠమే అవుతుంది. ఆపాల్సి వస్తే కనీసం ఎందుకు ఆపుతున్నామో వాళ్లతో మాట్లాడి ఆపండి, సెలవుల్లో గప్‌చుప్‌గా పీకించేయకండి.

సార్ చెప్పినట్టు క్యాబేజీ, టమాట వేయడం రెండో దారి. మీరు దీన్ని లొంగిపోవడంగా చూస్తున్నారు. నాకు మాత్రం ఇందులోనే మీకు కావలసిన పాఠం మొత్తం దొరుకుతుందనిపిస్తోంది. ఇవి చలికాలపు పంటలు, ఇప్పుడు నారు పెడితే సంక్రాంతి దాటేలోపు చేతికి వస్తాయి. మీ ఆకుకూరలు వానాకాలానివి. సార్ అడిగిన కాలం వేరు, మీరు కోరుకునే కాలం వేరు, ఒకే మడిలో రెండూ పడతాయి. సార్‌తో వాదించకుండా సరే అనండి, కాకపోతే పిల్లలతో ఒక లెక్కల పుస్తకం పెట్టించండి. క్యాబేజీ నారుకు ఎంత పెట్టాం, రోజుకు ఎన్ని బకెట్లు, పురుగు వచ్చిందా, వస్తే ఏం చేశాం, దానికి ఎంత, చివరికి ఎన్ని గడ్డలు వచ్చాయి, బరువెంత. వచ్చే జూన్‌లో ఆకుకూరలకు ఇదే లెక్క. విత్తనానికి ఎంత, నీళ్లు ఎన్ని, మందు ఎంత, ఎన్నిసార్లు కోశాం, ఎంత వచ్చింది.

చివరగా ఒక ప్రశ్న వేయండి పిల్లలకు: వచ్చే ఏడాది మళ్లీ వేయాలంటే విత్తనం ఎక్కడిది? క్యాబేజీ మన దక్కను వేడికి గింజ కట్టదు, దానికి గట్టి చలి కావాలి, అందుకే హిమాచల్, కశ్మీర్ లాంటి కొండ ప్రాంతాల్లో విత్తనం తీస్తారు. హైబ్రిడ్ టమాట గింజ దాచి వేస్తే తల్లిలాంటి కాయే వస్తుందన్న నమ్మకం లేదు. గునుగు, గంగవాయిలి మాత్రం మనం దాచకపోయినా రాలి మొలుస్తాయి. ఈ తేడా పిల్లలు తమ చేత్తో రాసిన అంకెల్లో చూసుకుంటే, మీరు బోర్డు మీద ఏమీ రాయక్కర్లేదు. క్యాబేజీ బరువు ఎక్కువ తూగితే అది కూడా నిజాయితీగా రాయనివ్వండి. ఊళ్లోవాళ్లు దాన్ని ఎందుకు పండిస్తున్నారో కూడా అర్థం కావాలి కదా. టమాట, మిరప సముద్రాలు దాటి వచ్చి మన ఇంటివైపోయాయి, చింత కూడా ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చిందే అంటారు. ఏది మనది, ఏది కాదు అన్న పంచాయితీ పిల్లల ముందు పెట్టకండి. నీళ్లు, ఖర్చు, విత్తనం, ఈ మూడింటి గురించి అడిగితే చాలు.

ఈ దారిలో ఇబ్బంది కూడా చెప్పాలి. క్యాబేజీకి పురుగు తప్పదు. సార్ గానీ, ఎవరైనా తండ్రి గానీ మందు డబ్బా తెస్తారు. బడి ఆవరణలో పురుగుమందు వద్దని ముందే మాట తీసుకోండి, లేకపోతే మీరు మొదలుపెట్టినదానికి పూర్తిగా ఎదురు జరుగుతుంది.

మూడో దారి అసలు తోటే లేకుండా ఈ పాఠం చెప్పడం. ఈ ఆకులు మడిలో కన్నా చేలో బాగుంటాయి, జొన్నలో, కందిలో సాళ్ల మధ్య. కలుపుమందులు వచ్చాక, పత్తి పెరిగాక అవి ఎక్కడ తగ్గిపోయాయో చూడాలన్నా చేనుకే పోవాలి. నెలకో రోజు, తల్లుల్లో ఇష్టమున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు వెంట ఉండగా పిల్లలతో ఒక గట్టు వెంబడి నడవండి. ఖర్చు లేదు, వేసవి సెలవుల్లో ఎండిపోతుందన్న బాధ లేదు. అయితే పిల్లలను బడి దాటించాలంటే అనుమతి కావాలి, పాముల భయం ఉంటుంది, ఎవరి చేనులో ఎప్పుడు మందు కొట్టారో అడిగి తెలుసుకోవాలి. ఇంకోటి, ఆ తల్లులకు కూలి పోతుంది. వాళ్లను ఊరికే పిలవకండి. రాగలిగిన రోజు వాళ్లే చెప్పాలి. పిల్లలు వాళ్లను టీచర్ అనే పిలవాలి, కుర్చీ వేయాలి. ఆ పనిని తక్కువగా చూసిన బడే ఆ పని తెలిసినవాళ్లకు కుర్చీ వేస్తే, “కూలి పని నేర్పుతున్నారు” అన్న మాటకు మీరు విడిగా జవాబు చెప్పక్కర్లేదు.

నేనైతే రెండో దారినీ మూడో దారినీ కలిపి నడుస్తాను. కానీ మీ బడి, మీ ఊరు, మీ ఓపిక మీకే తెలుసు.

మీకు దగ్గర్లోనే ఒక చోటుంది, ఒకసారి వెళ్లి రండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది, 1983 నుంచి పనిచేస్తోంది. చిన్న కమతాల దళిత మహిళల సంఘాలే దాని బలం. పంటలతో పాటు ఈ సాగు చేయని కూరాకుల గురించి కూడా వాళ్లు ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతున్నారు, వండి పెడుతున్నారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. మాచనూర్‌లో వాళ్ల పచ్చసాలె ఉంది, అక్కడ పిల్లలు మామూలు చదువుతో పాటు వ్యవసాయం, చేతి పనులు నేర్చుకుంటారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర మొదలవుతుంది. మీ అమ్మాయినీ, కుదిరితే తల్లుల్లో ఒకరిద్దరినీ తీసుకుపోండి. మీ ఊరి ఆడవాళ్ల లాంటి ఆడవాళ్లే మైకు పట్టుకుని ఈ ఆకుల గురించి చెప్పడం వాళ్లు చూస్తే, మీరు ఆరు నెలలు చెప్పినదానికన్నా ఎక్కువ. అత్తగారిని కూడా అడగొచ్చు, జాతరకు పోదామని. బలవంతం వద్దు.

మీ అమ్మాయి గురించి పెద్దగా కంగారుపడకండి. ఆ వయసులో అమ్మ ఏం చేసినా స్నేహితుల ముందు సిగ్గుగానే ఉంటుంది. తన బడిలో పుడమిని కాపాడదాం అని పోస్టర్ గీసి బహుమతి తెచ్చుకుందని రాశారు, దాన్ని మీ తోటతో పోల్చి తక్కువ చేయకండి. ఇంట్లో వారానికో రోజు గునుగు ఆకునో, పొనగంటినో పెసరపప్పులో వేసి, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టి జొన్నరొట్టెతో వడ్డించండి, దాని గురించి ఏమీ చెప్పకుండా. గునుగు పూత రాకముందు లేత చిగుళ్లే కోయాలి, ముదిరితే పీచు, పిల్ల ఒకసారి వద్దంటే మళ్లీ ముట్టదు. ఆమెకు బొమ్మలు గీయడం ఇష్టం కాబట్టి మీ బడి పిల్లల లెక్కల పుస్తకానికి అట్ట గీసి పెడతావా అని ఒక్కసారి అడిగి చూడండి. గీయనంటే వదిలేయండి.

పొనగంటి గురించి చిన్న కిటుకు, పిల్లలకు చాలా నచ్చుతుంది. కోసేటప్పుడు మొక్క పీకకుండా, రెండు కణుపులు కింద ఉంచి పైభాగం గిల్లాలి. కింద కణుపుల దగ్గర రెండేసి చిగుళ్లు వేస్తుంది. ముదురు కాడను మూడు కణుపులుండేలా తుంచి తడి మట్టిలో గుచ్చితే కొద్ది రోజుల్లో వేరు పోసుకుంటుంది. ఎంత కోయాలి, ఎంత ఉంచాలి అన్నది పిల్లలకు వేలి కొసలతో తెలియాలి. గంగవాయిలి, చెంచలి అయితే మడిలో ఒక మూల అసలు కోయకుండా గింజకు వదిలేయండి, ఆ మూలకు పిల్లలనే కాపలా పెట్టండి.

మధ్యాహ్న భోజనంలో వేయాలా అని అడిగారు. మొదటి ఏడాది అందరికీ తెలిసినవే వేయండి, మునగాకు, తోటకూర, పొనగంటి. పొనగంటి, మునగాకు, అవిసాకు లాంటివి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లోనే ఉన్నాయి, ఎవరైనా గడ్డి అంటే చూపించవచ్చు. గునుగు, గలిజేరు లాంటివి తల్లులు ఒప్పుకున్నాక, వాళ్ల చేత్తో వండించి, ముందు పెద్దవాళ్లు తిన్నాక చూద్దాం. వంట అక్కలకు ఆకు ఏరడం, కడగడం అదనపు పని అని మర్చిపోకండి, వాళ్లను అడగకుండా గంపెడు ఆకు తీసుకెళ్లి వంటగదిలో పెట్టకండి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో రాళ్లుంటే గంగవాయిలి, తోటకూర ఎక్కువ తినకూడదని కూడా పిల్లలతో చెప్పి పంపండి.

చివరగా సార్. ఫుడ్ పాయిజన్ వార్త వచ్చిన ప్రతిసారీ ముందు సస్పెండ్ అయ్యేది హెచ్‌ఎంలే. ఆయన క్యాబేజీ అడిగింది క్యాబేజీ మీద ప్రేమతో అని నాకు అనిపించడం లేదు, గుర్తుపట్టగలిగిన మొక్క ఉంటే నిద్ర పడుతుందని. కాబట్టి సెలవులయ్యాక ఆయన దగ్గరికి తోట గురించి మాట్లాడటానికి పోకండి. ప్రహరీ చుట్టూ నడిచి చూసిన జాబితా పట్టుకుపోండి. అడవి ఆముదం, ఉమ్మెత్త ఎక్కడెక్కడున్నాయో చెప్పి, బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని అక్కలను కూడా పిలిచి, వాటిని తీయించడానికి ఒక రోజు అడగండి. ఆ బాబు వాంతుల తర్వాత ఆయనకు ఎవరూ చెప్పని మాట ఇది. ఆ పని పూర్తయ్యాక క్యాబేజీ వేస్తామని చెప్పండి. వచ్చే జూన్‌లో ఆకుకూరల సంగతి, బడి పెరటి తోటల మీద కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చిందన్న సంగతి అప్పుడు ఎత్తండి, కాగితం చేతికివ్వండి, జవాబు అదే రోజు అడగకండి.